అయ్యగారు బతికున్నంతకాలం

ఆ మనిషి మా కాంపౌండులోకి పరిగెత్తుకొచ్చిన మధ్యాహ్నం నేను వరండాలో కూర్చుని ఇంటర్ పరీక్షలకి చదువుకుంటున్నాను. మార్చి నెల. దర్శి అవతల మా ఊరి చుట్టూ కల్లాల నిండా మిరపకాయలు ఆరబోసి ఉన్నాయి. ఎండ ముదిరేకొద్దీ ఘాటు లేచి, తలుపులేసుకుని ఇంట్లో ఉన్నవాళ్ళకి కూడా గొంతు గరగరలాడేది. ఆ నెల రోజులూ ఊరంతా దగ్గుతూనే మాట్లాడుకునేది.

నాన్న ఆ ఊరి చర్చికి పాస్టరు. ఊరు అయిపోయి పొలాలు మొదలయ్యే చోట, రోడ్డు పక్కన, చర్చి ఒక్కటే ఉండేది. దాని వెనక మా ఇల్లు, రెండు గదులు. నాన్న పడుకునే గదికి ఆనుకుని, ఒకే గోడతో, చాపలూ డోలక్కులూ పెట్టుకునే చిన్న గది. చుట్టూ కంపకంచె, ముందు ఇనప గేటు. గేటుకి ఎదురుగా, రోడ్డు దాటగానే కాలవ మీద తూము.

వచ్చినవాడికి ముప్ఫై ఏళ్ళుంటాయి. కాళ్ళకి చెప్పుల్లేవు. పత్తికట్టెలోంచి అడ్డంపడి వచ్చాడేమో, పిక్కల నిండా గీతలు. నావైపు చూడనైనా చూడలేదు. నేరుగా చర్చిలోకి వెళ్ళి, నాన్న ప్రసంగం చెప్పే బల్ల వెనక నేలమీద చతికిలబడ్డాడు. నేను లోపలికి పరిగెత్తి నాన్నని లేపాను.

జరిగింది తర్వాత తెలిసింది. అతను పక్కూరి ట్రాక్టరు డ్రైవరు. కల్లంలో గోతాల్లో తొక్కిన మిరప టిక్కీలు ఎత్తుకోవడానికి ట్రాక్టరు వెనక తగిలించిన ట్రక్కుని వెనక్కి తీశాడు. ఆ కల్లం తాలూకు ముసలి రైతు, కాపలాకొచ్చినాయన, ట్రక్కు నీడలో తువ్వాలు పరుచుకుని నిద్రపోతున్నాడు. అతను చూడలేదు. కూలీలు అరిచేసరికే అయిపోయింది.

అరగంటలో ఆ రైతు కొడుకు గొడ్డలి పట్టుకుని వచ్చాడు. నాన్న గేటు దగ్గరికి వెళ్ళి, గేటు మూసి, బయట నిలబడ్డారు. నేను కిటికీలోంచి చూస్తున్నాను. మాటలు వినపడలేదు. నాన్న చాలాసేపు చెప్పారు. కొడుకు తలెత్తకుండా విన్నాడు. మధ్యలో ఒకసారి మా చర్చి వైపు, తర్వాత నాన్న మొహంలోకి, కొలత తీసుకుంటున్నట్టు చూశాడు. చివరికి ఏదో అడిగాడు. నాన్న తలూపారు. అతను రోడ్డు దాటి వెళ్ళి తూము మీద కూర్చున్నాడు, గొడ్డలి ఒళ్ళో పెట్టుకుని. పొద్దుగూకేదాకా అలాగే ఉండి లేచి వెళ్ళిపోయాడు.

మర్నాడు మధ్యాహ్నం మళ్ళీ వచ్చాడు. గొడ్డలి తేలేదు. ఆ రోజునుంచి, పంట ఉన్నా లేకపోయినా, వానొచ్చినా, పన్నెండు దాటాక వచ్చి ఒక గంట తూము మీద కూర్చుని వెళ్ళేవాడు. ఏమీ చేసేవాడు కాదు. బీడీ కూడా కాల్చేవాడు కాదు. మా గేటు వైపు చూసేవాడు, అంతే.

మూడోరోజు నాన్నే డ్రైవరుని స్టేషనుకి తీసుకెళ్ళి అప్పగించారు. కేసు రాశారు, బెయిలు వచ్చింది. వాళ్ళూరు వెళ్తాడనుకున్నాం. నాన్న వెంట తిరిగొచ్చి చాపల గదిలో తన చాప పరుచుకున్నాడు. అమ్మ నాన్నవైపు చూసింది. ఎన్నాళ్ళు ఉంటాడని అడిగింది. ఉండాల్సినన్నాళ్ళు ఉంటాడని నాన్న అన్నారు.

అలా ఉండిపోయాడు. చర్చి ఊడ్చేవాడు, గంట కొట్టేవాడు, తొట్టి నింపేవాడు, కూరగాయల మళ్ళు వేశాడు. మాటలు తక్కువ. నన్ను అమ్మాయిగారూ అనేవాడు. గేటు మాత్రం దాటేవాడు కాదు. గేటుకి మూడడుగుల ఇవతలిదాకా వచ్చి ఆగిపోయేవాడు. అక్కడ నేల నున్నగా అరిగిపోయింది. పిల్లల బంతి బయట పడితే, గేటు కమ్మీల్లోంచి చెయ్యి చాపితే అందేటంత దూరంలో ఉన్నా, ఎవరో వచ్చి తీసిచ్చేదాకా నిలబడేవాడు.

ఒక్క నాన్న పక్కన ఉంటేనే దాటేవాడు. కోర్టు వాయిదాకి దర్శి వెళ్ళాల్సొచ్చినప్పుడు నాన్న అతని భుజం మీద చెయ్యి వేసి గేటు దాటించేవారు. నేను డిగ్రీకి అదే బస్సులో వెళ్ళేదాన్ని. ఒకసారి చూశాను. నాన్నా అతనూ ఒక సీట్లో కూర్చున్నారు. రెండు సీట్ల వెనక ముసలాయన కొడుకు. బస్సంతా జనం, కోళ్ళు, పురుగుమందు డబ్బాలు. దర్శి వచ్చేదాకా నాన్న చెయ్యి అతని భుజం మీదనుంచి తియ్యలేదు. వెనకవాడు ఆ చేతివైపే చూస్తూ కూర్చున్నాడు. దిగేటప్పుడు నాన్నకి దారిచ్చి పక్కకి తప్పుకున్నాడు. పలకరింపు కూడా చేశాడు, బాగున్నారా పాస్టరుగారూ అని. ఆ గొంతులో కోపం లేదు. అది లేకపోవడమే నన్ను భయపెట్టింది.

రెండేళ్ళ తర్వాత కోర్టు కేసు కొట్టేసింది. అయినా డ్రైవరు కదల్లేదు. తూము మీద మనిషీ మానలేదు.

అప్పటికి నాన్న నాకు సండే స్కూలు అప్పజెప్పారు. ఆ వేసవిలో పాఠాలు దాక్కునే చోట్ల గురించి. సౌలు తరుముతుంటే దావీదు దాక్కున్న అదుల్లాము గుహ, ఏన్గెదీ కొండచరియలు, దేవుడే నా కోట అని పాడుకోవడం, ఇవన్నీ పిల్లలకి ఇష్టంగా ఉండేవి. గుహ బొమ్మలు గీశారు, లోపల దీపం పెట్టిన దావీదుతో సహా. ఆ తర్వాతి ఆదివారం ఆశ్రయపురాల పాఠం. పొరపాటున మనిషిని చంపినవాడు పారిపోయి తలదాచుకోవడానికి మోషే ధర్మశాస్త్రంలో ఆరు ఊళ్ళు ప్రత్యేకించి పెట్టారు. యొర్దానుకి ఈవల మూడు, ఆవల మూడు. ఇశ్రాయేలువాళ్ళకే కాదు, వాళ్ళ మధ్య బతికే పరదేశికి కూడా. చచ్చినవాడి దగ్గరి బంధువు పగ తీర్చుకోవడానికి వెంటపడతాడు. ఊరి లోపల ఉన్నంతవరకూ ముట్టుకోకూడదు. పొలిమేర దాటితే మాత్రం చంపినా తప్పు లేదు.

పాఠం తయారు చేసుకుంటూ అక్కడిదాకా చదివి నవ్వుకున్నాను. నాన్న ఏం చేశారో తెలిసిపోయిందనుకున్నాను. తర్వాతి మాట చదివాక నవ్వు ఆగిపోయింది. ఆ పారిపోయినవాడు ఎన్నాళ్ళు అక్కడ ఉండాలో కూడా రాసి ఉంది. ఆ కాలపు ప్రధాన యాజకుడు చనిపోయేదాకా. ఆయన చనిపోయిన రోజున పగ తీరినట్టే. అప్పుడు వాడు తన సొంత ఊరికి తిరిగి వెళ్ళొచ్చు.

ఆదివారం ఆ మాట చెప్పకుండా దాటేద్దామనుకున్నాను. పిల్లల్లో ఒకమ్మాయికి చదవడం బాగా వచ్చు. తనే పైకి చదివేసింది. చదివి అడిగింది.

“మరి యాజకుడు చాలా ఏళ్ళు చచ్చిపోకపోతే, అక్కా?”

తలెత్తాను. చర్చి వెనక వరసలో, గోడకి ఆనుకుని డ్రైవరు కూర్చుని ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో చూడలేదు. చేతిలో నాన్న ఇచ్చిన పాత బైబిలు. నాన్న అతనికి రెండేళ్ళుగా అక్షరాలు నేర్పుతున్నారు, వేలు పెట్టి కూడబలుక్కుంటూ చదివేవాడు. ఇప్పుడు కూడా వేలు ఒక చోట పెట్టి ఉంది. జవాబు కోసం పిల్లలతో పాటు నా మొహంలోకే చూస్తున్నాడు.

“ఎదురుచూస్తాడు,” అన్నాను.

ఆ రోజునుంచి ఇంట్లో మామూలుగా జరిగేవన్నీ వేరేగా కనపడడం మొదలెట్టాయి. పొద్దున్నే నాన్న పళ్ళు తోముకోవడానికి బయటికి రాగానే అతను బకెట్టు అందిస్తూ అడిగేవాడు, అయ్యగారికి రాత్రి నిద్ర పట్టిందా, దగ్గు తగ్గిందా, ఛాతీలో ఆయాసం ఉందా. రెండేళ్ళుగా రోజూ అడుగుతున్నాడు. మంచివాడు అనుకునేవాళ్ళం. ఇప్పుడు ఆ ప్రశ్న వినపడితే నేను చేస్తున్న పని ఆపేసేదాన్ని. నాన్న బాగానే ఉందిరా అబ్బాయ్ అనగానే అతని మొహంలో ఏం కదులుతుందో చూసేదాన్ని. ఏమీ కదిలేది కాదు. సరేనండి అని తలూపి వెళ్ళేవాడు. మధ్యాహ్నం బట్టలు ఆరేస్తుంటే గేటుకి ఇవతల ఇతను, రోడ్డుకి అవతల ఆ రెండోవాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోరు. ఇద్దరూ నాన్న గది కిటికీ వైపే చూస్తున్నారని నాకు అనిపించేది. తడిబట్టలు దండెం మీద పడేసి లోపలికొచ్చేసేదాన్ని.

ఒకరోజు వంటింట్లో అమ్మని పట్టుకున్నాను. అమ్మ అతనికి కంచంలో అన్నం పెడుతోంది. కూరలో ముక్కలన్నీ ఏరి అతని కంచంలో వేస్తోంది. మొదటి నెలలోనే ఆ అలవాటు మొదలైందని అప్పుడు గుర్తొచ్చింది. నాన్నకి మందుబిళ్ళ మాత్రం ఎప్పుడూ తనే ఇచ్చేది, అతని చేత నాన్నకి మంచినీళ్ళ గ్లాసు కూడా ఇప్పించేది కాదు. నేను చదివింది చెప్పాను. అమ్మ ఆశ్చర్యపోలేదు.

“నాకు ముందునుంచీ తెలుసు,” అంది. “కడుపు నిండినవాడు ఇంకొకరి చావు కోరుకోడని నా నమ్మకం. అందుకే పెడతన్నా. నువ్వు నాన్నతో ఈ మాట అనకు.”

నేను అనలేదు.

డిగ్రీ అయ్యింది. పక్క ఊళ్ళో ప్రైవేటు స్కూల్లో టీచరుగా చేరాను. ఊళ్ళో సెల్‌ఫోన్లు కనపడసాగాయి, కల్లాల్లో కాయల మీద కప్పే పట్టాలు కొత్తవొచ్చాయి. మా కాంపౌండులో మాత్రం ఏమీ మారలేదు. ఏడో ఏడు నాన్నకి పక్షవాతం వచ్చింది. కుడిపక్క పూర్తిగా పడిపోయింది. మాట నత్తిగా వచ్చేది. చర్చికి దర్శినుంచి ఇంకొక పాస్టరు ఆదివారాలు వచ్చి వెళ్ళేవారు. నాన్న ఉన్నన్నాళ్ళు మమ్మల్ని ఆ ఇంట్లోనే ఉండనిచ్చారు.

నాన్న మంచాన పడిన రెండో నెలలో డ్రైవరు తల్లి చనిపోయింది. వాళ్ళూరు మాకు రెండు మైళ్ళు. కబురు తెచ్చినవాళ్ళు గేటు దగ్గర నిలబడి చెప్పారు. అతను నాన్న మంచం దగ్గరికి వచ్చి కూర్చున్నాడు. నాన్న ఎడమచేత్తో వెళ్ళమని సైగ చేశారు. వెళ్ళు, వెళ్ళు అని నోటితో కూడా అన్నారు. అతను తల అడ్డంగా ఊపాడు.

“మీరు లేకుండా దాటనండి,” అన్నాడు.

నాన్న లేవబోయారు. లేవలేక కన్నీళ్ళు పెట్టుకున్నారు. నేను నాన్న ఏడవడం చూసింది ఆ ఒక్కసారే.

చివరికి ఆమె బంధువులే ఒప్పుకుని శవాన్ని ట్రక్కులో మా రోడ్డుమీదుగా తీసుకొచ్చారు. మిట్టమధ్యాహ్నం. చుట్టూ పత్తి విరగకాసి పగిలి ఉంది, కంటికి తెల్లగా కొడుతోంది. పత్తి తీసే ఆడవాళ్ళు చేలల్లోనే నడుములెత్తి నిలబడ్డారు. డప్పు లేదు. ట్రక్కు గేటు ముందు ఆగింది. ట్రాక్టరు ఇంజను ఆపేసేసరికి పురుగుల రొద తప్ప ఇంకేమీ వినపడలేదు. అతను ఆ అరిగిన నేలమీద నిలబడి తల్లి మొహం చూశాడు. పది అడుగుల దూరం. తూము మీద కూర్చున్నవాడు లేచి, తలకి చుట్టుకున్న తువ్వాలు తీసి, చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడైనా వెళ్ళమంటాడని చూశాను. అనలేదు. ఇతనూ అడగలేదు. కాసేపటికి ఇంజను మళ్ళీ మొదలైంది. ట్రక్కు వెళ్ళిపోయాక కూడా ఆ ఇద్దరూ అలాగే ఉన్నారు.

మర్నాడు పొద్దున్న ఎప్పటిలాగే అతను వచ్చి అడిగాడు, అయ్యగారికి నిద్ర పట్టిందా అని. నేను జవాబు చెప్పకుండా తలుపు వేసేశాను.

సంక్రాంతి పోయాక, మిరప కోతలు మొదలైన వారంలో, ఒక పొద్దున్న అతను ఏమీ అడగలేదు. తొట్టి నింపాడు, చర్చి ఊడ్చాడు, నా పక్కనుంచి వెళ్ళి గదిలోకి పోయాడు. ఆ రోజు నేను స్కూలుకి వెళ్ళలేదు. పదకొండింటికి చాపల గది తలుపు తీసి ఉంటే తొంగి చూశాను. నేల అలికినట్టు శుభ్రంగా ఉంది. చాప చుట్టి గోడకి ఆనించాడు. గుడ్డలు మూట కట్టి, ఆ మూట పక్కన మోకాళ్ళమీద చేతులు పెట్టుకుని కూర్చుని ఉన్నాడు, బస్సుకోసం కూర్చున్నట్టు.

నాన్న ఇంట్లో మంచం మీద బాగానే ఉన్నారు. అమ్మ గంజి తాగించింది. నాతో ఏదో నవ్వులాటగా కూడా అన్నారు. మూడింటికి ఊపిరి ఆగింది.

అమ్మ కేక విని మొదట వచ్చింది అతనే. గుమ్మం లోపలికి రాలేదు. నేను అతన్ని చూసి ఏమన్నానో గుర్తులేదు. చాలా అన్నానని అమ్మ తర్వాత చెప్పింది. అతను వింటూ నిలబడ్డాడు.

సమాధి కాంపౌండులోనే, చర్చి వెనక తీశారు. ప్రార్థన అయ్యాక మన్ను పోసేటప్పుడు గేటు చప్పుడైంది. తూము మీద మనిషి లోపలికి వస్తున్నాడు. ఏడేళ్ళలో అదే మొదటిసారి. జనం దారిచ్చారు. అతను వచ్చి, అక్కడున్న పార తీసుకుని, ఒక పక్కనుంచి మన్ను పొయ్యడం మొదలెట్టాడు. రెండో పక్క డ్రైవరు పోస్తున్నాడు. ఇద్దరూ తలెత్తలేదు. గుంట నిండేదాకా పోశారు. ఇద్దరి పారలూ ఒకే తాళంలో పడడం ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

జనం వెళ్ళాక ముసలాయన కొడుకు అమ్మ దగ్గరికి వచ్చాడు. చేతులు కడుక్కుని, నేలమీద కూర్చుని, మొదటి రోజు గేటు దగ్గర నాన్న ఏం మాట్లాడారో చెప్పాడు. బైబిల్లో ఇలా ఉందని చెప్పి, వీడు లోపల ఉన్నంతకాలం ముట్టుకోనని మాట ఇమ్మన్నారట. పక్కన తను ఉంటే తప్ప వీడు గేటు దాటడని, దాటితే నీ ఇష్టమని తనూ మాట ఇచ్చారట. ఎన్నాళ్ళని ఇతను అడిగాడట. నేను బతికున్నంతకాలం అన్నారట నాన్న. నా ప్రాణం పోయిన రోజున మీ నాన్న ప్రాణానికి చెల్లు అనుకుంటావా అని అడిగారట.

“అనుకుంటానన్నానమ్మా,” అన్నాడతను. “వాడు గేటు దాటితే చంపుదామనే మొదట్లో వచ్చేవాణ్ణి. తర్వాత తర్వాత, పాస్టరుగారు ఎలా ఉన్నారో చూసిపోదామని వచ్చేవాణ్ణి. ఆయన ఉన్నంతకాలమే కదా మా నాయన పగ మొయ్యాల్సిన బాధ్యత నాకు.”

అమ్మ తలూపింది. ఆమెకి ఇదంతా తెలుసు. డ్రైవరు బెయిలు మీద తిరిగొచ్చిన రాత్రే నాన్న చెప్పారట. ఏడేళ్ళు ఒక్కమాట బయటికి రానివ్వలేదు.

అతను లేచి చాపల గది దగ్గరికి వెళ్ళి, లోపలికి వినపడేట్టు అన్నాడు.

“అయిపోయింది. పోవచ్చు.”

మర్నాడు పొద్దున్నకి గది ఖాళీ. మూడోరోజు ప్రార్థనకైనా ఆగలేదని నాకు ఒళ్ళు మండింది. అమ్మ మాత్రం, ఆగమని ఎవరడిగారు, నాన్న ఒప్పుకుంది దీనికే కదా అంది. ఆ తర్వాత మేము ఇల్లు ఖాళీ చేసి గుంటూరు వచ్చేశాం.

మూడేళ్ళ తర్వాత, స్కూల్లో నాతో పనిచేసే టీచరు పెళ్ళికి చీరలు కొందామని చీరాల వెళ్ళాం. ఒక సందులో వరసగా మరమగ్గాల షెడ్లు. బయట నిలబడి మాట్లాడుకోవాలన్నా చెవిలో అరవాల్సిందే. ఒక షెడ్డు గుమ్మంలో దూది రేణువులు జుట్టునిండా పట్టిన మనిషి టీ తాగుతున్నాడు. నన్ను చూసి గ్లాసు కింద పెట్టేశాడు. అతనే. కొంచెం లావయ్యాడు. పెళ్ళయిందట, ఒక పాపట.

సందు చివరికి నడిచాం, మాటలు వినపడేదాకా. అమ్మగారు ఎలా ఉన్నారని అడిగాడు. నేను ఆ రోజు అన్నవాటికి ఏమనుకోవద్దని చెప్పాను. తర్వాత ఇన్నేళ్ళూ నన్ను తినేసిన మాట అడిగేశాను. ఆ పొద్దున నీకెలా తెలిసింది?

“గోడ ఒకటే కదండీ,” అన్నాడు. “ఏడేళ్ళు అయ్యగారి ఊపిరి వింటా పడుకున్నా. ఆ రోజు తెల్లారుజామున మారింది.”

మమ్మల్ని ఎందుకు లేపలేదని నేను అడగలేదు. అతనికి ఆ ప్రశ్న వినపడినట్టే ఉంది.

“అయ్యగారు బాగుండాలనే అడిగేవాణ్ణి, అమ్మాయిగారూ. నిజంగానే. కానీ అడిగిన ప్రతిసారీ నాలో ఇంకొకడు కూచుని జవాబు వినేవాడు. మా అమ్మ పోయాక వాడు పెద్దోడైపోయాడు. ఆ పొద్దున మిమ్మల్ని లేపకుండా చేసింది వాడే.”

నాకు అతన్ని కొట్టాలనిపించలేదు, ఓదార్చాలనీ అనిపించలేదు. పక్షవాతం మనిషి, లేపినా ఎవరేం చేసేవాళ్ళని అందామనుకున్నాను, అది నిజమో కాదో నాకే తెలియక ఊరుకున్నాను. ట్రాక్టరు నడుపుతున్నావా అని మాత్రం అడిగాను. ముట్టుకోలేదన్నాడు. చీరాల్లో ఇంతకన్నా మంచి పనులు దొరుకుతాయి కదా, ఈ చప్పుళ్ళో చెవులు పోవా అన్నాను.

“ఈ చప్పుళ్ళో పక్కోడి ఊపిరి వినపడదండీ,” అన్నాడు. “ఇంట్లో కూడా ఫ్యాను లేందే పడుకోను. పాప ఊపిరి వినపడితే లేచి కూచుంటా.”

షెడ్డులోంచి ఎవరో చెయ్యి ఊపి పిలిచారు. అతను నమస్కారం పెట్టి లోపలికి వెళ్ళాడు. నేను మా టీచరు దగ్గరికి వెళ్ళి రెండు చీరలు చూశాను, ఏ రంగో గుర్తులేదు. ఆ సాయంత్రం గుంటూరు రైల్లో కూర్చున్నాక, ఇవన్నీ అమ్మకి చెప్పాలా అని ఆలోచించాను. తెనాలి దాటేసరికి చెప్పకూడదని తేల్చుకున్నాను. ఇప్పటికీ చెప్పలేదు.